తెల్లదోమ ఏడాది

2025 జనవరి 19, ఆదివారం. ప్రత్తిపాడు

గుంటూరులో నేను కలిసే డాక్టరు మేడమ్ రాయమన్నారు. ఎవరికీ చూపించనక్కర్లేదు, తారీఖు వేసి తోచినంత రాయండి, ఒకే ఊపున అంతా రాసెయ్యాలని కూర్చోవద్దు, దడగా ఉంటే పుస్తకం మూసేసి చేలోకి వెళ్ళి రండి అన్నారు.

ముందు అసలు విషయం రాస్తాను. చుట్టూ తిరిగి వద్దామనుకుంటే ఎప్పటికీ అక్కడికి చేరను. 1988 ఎండాకాలం. నాకు పదేళ్ళు. మా ఇంట్లో పత్తి పోసి ఉంచిన గదిలో, నాన్నకు వరసకు అన్న అయ్యే పెద్దమనిషి ఒకడు నాతో చెయ్యకూడని పని చేశాడు. ఒక్క రోజుతో పోలేదు. సెలవులు సగం గడిచేదాకా సాగింది. ఆ మనిషి ఇప్పుడు లేడు. పేరు ఇక్కడ కూడా రాయాలనిపించడం లేదు.

సాంఘికశాస్త్రం చెప్పుకునే మాస్టర్ని. ఏ ఏడు ఏం జరిగిందో పిల్లల చేత వల్లె వేయిస్తాను. నా పదో ఏట ఏం జరిగిందో వరసగా చెప్పమంటే మాత్రం చెప్పలేను. ముక్కలు ముక్కలుగా ఉంది. కిటికీ చువ్వల నీడ. వీపుకు అంటుకున్న పత్తి. బయట బావి దగ్గర చేద చప్పుడు. ఏది ముందో ఏది వెనకో తెలియదు. అది నా అబద్ధానికి గుర్తు అనుకుని చాలా ఏళ్ళు నన్ను నేనే నమ్మలేదు. ప్రాణభయంలో ఉన్నప్పుడు మెదడు సంగతుల్ని వరసగా పేర్చి పెట్టుకోదనీ, వాసన, స్పర్శ, చప్పుడు విడివిడిగా ఉండిపోతాయనీ మేడమ్ చెప్పారు. పిల్లలు అరవకపోవడం, పారిపోకపోవడం కూడా అంతేనట. ఒళ్ళు తనంతట తాను బిగుసుకుపోతుంది. అది ఒప్పుకోవడం కాదు. ఈ ఒక్క మాటతోనే నేను గుంటూరు బస్సు ఎక్కినందుకు ఫలితం దక్కింది.

జనవరి 26, ఆదివారం

బడిలో జెండా ఎగరేసి వచ్చి కూర్చున్నాను. ఇవాళ ఆ పత్తి గురించి రాయాలి.

1987లో వేసిన పత్తి మీద తెల్లదోమ పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ ఆ ఏడాది సంగతి చెప్పుకుంటారు. కాయ తొలిచే పురుగు మీదకని సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు పదే పదే కొట్టారు. దోమను తినే మంచి పురుగులు చచ్చాయి, దోమ లేచింది. మొక్కను కదిపితే తెల్లటి తెర లేచేది. ఆకు అడుగున చేరి రసం పీల్చి తియ్యటి జిగురు వదిలేది. దాని మీద మసిలాంటి బూజు పట్టి, ఆకులతో పాటు పగిలిన కాయలో దూది కూడా నల్లబడింది. అప్పులు తీరే దారి లేక ఈ రెండు జిల్లాల్లో ఎంతోమంది రైతులు పురుగులమందు తాగారు.

మా నాన్న తాగలేదు. ఎందుకంటే ఆ పెద్దమనిషి అప్పు ఇచ్చాడు. మందుల కొట్లో బాకీకి హామీ ఉన్నాడు, మళ్ళీ విత్తనాలకు డబ్బిచ్చాడు. కొనేవాడు లేక ఆ నల్లపత్తి నెలల తరబడి మా గదిలో పడి ఉంది. అతను సరుకు చూసి పోతానని వచ్చేవాడు. మధ్యాహ్నం పూట అందరూ కునుకు తీసే వేళ వచ్చేవాడు. ఇంట్లో అతనికి మంచం వాల్చి మజ్జిగ ఇచ్చేవాళ్ళు. "పెదనాన్నకు గది చూపించు పోరా" అనేవాళ్ళు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అని అడుగుతారు జనం, ఎవరి విషయం బయటికొచ్చినా. నేను చెప్పాను. పదేళ్ళ పిల్లాడికి చేతనైన పద్ధతిలో చెప్పాను. కడుపునొప్పి అన్నాను. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. ఆ గదిలోకి పోనని మొండికేశాను. నులిపురుగులని మందు పోశారు, దిష్టి తీశారు, మొలకు తాయెత్తు కట్టారు. ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. నా మాట వింటే అప్పిచ్చిన మనిషిని గుమ్మం ఎక్కనివ్వకూడదు. అతన్ని రానివ్వకపోతే ఆ ఖరీఫ్‌కు విత్తనం లేదు. పిల్లాడి మాట వినడానికి కూడా ఖర్చవుతుంది. ఆ ఏడు మా ఇంట్లో అంత ఖర్చు పెట్టుకునే స్తోమత లేదు.

చదివిన పుస్తకాల్లో ఇది ఇంత సూటిగా ఎక్కడా కనపడలేదు. పిల్లలకు మంచి స్పర్శ, చెడు స్పర్శ నేర్పమంటారు. నేర్పాలి. కానీ పిల్లలు చెప్పింది వినగలిగే స్థితిలో ఇల్లు ఉందా అని ఎవరు చూస్తారు? బాకీ ఉన్న ఇల్లు, ఒకరి దయ మీద నడిచే ఇల్లు, మొగుడు పోయి బావగారి పంచన చేరిన తల్లి... వీళ్ళకు నేర్పాల్సింది ముందు స్పర్శల పాఠం కాదు, నిలబడటానికి చోటు చూపించాలి.

ఫిబ్రవరి 8, శనివారం

రెండో శనివారం. మిరప మొదటి కోత కాయ ఆరింది. ధర పోయినేటికి సగం. పని మాత్రం తగ్గదు.

మొన్న మాస్టర్లకు, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం మీద తరగతి పెట్టారు. వచ్చినాయన బాగానే చెప్పాడు. 2012లో చేసిన చట్టం, ఆ నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే. పిల్లల వాంగ్మూలం వాళ్ళ ఇంట్లోనో వాళ్ళకు ఇష్టమైన చోటో తీసుకోవాలి, పోలీసులు యూనిఫాంలో రాకూడదు, కోర్టులో ముద్దాయి ఎదుట పడనివ్వకూడదు, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగించాలి. పిల్లల కోసం 1098 ఫోన్ నంబరు ఉంది. అంతా చెప్పి చివర్లో, "కాబట్టి ఆడపిల్లల విషయంలో మనం జాగ్రత్తగా ఉండాలి" అని ముగించాడు.

లేచి నిలబడ్డాను. మగపిల్లల సంగతి కూడా చెప్పండి అన్నాను. వెనక బల్లలోంచి ఎవరో "మగపిల్లాడికేమైద్దండీ" అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నాకు అంకెలు కంఠతా వచ్చు. కేంద్ర ప్రభుత్వ మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం వేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు జరిగిందన్నారు. అలా చెప్పినవాళ్ళలో 52.94 శాతం మగపిల్లలు. ఎక్కువగా బయటపడ్డ రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్ళు, నమ్మకంగా చూసుకోవలసినవాళ్ళు. చాలామంది పిల్లలు అప్పటిదాకా ఎవరికీ చెప్పనేలేదు. ఇవన్నీ ఆ గదిలో వరసగా చెప్పాను. మన దేశంలో అత్యాచారం సెక్షను ఆడవాళ్ళకే వర్తిస్తుంది, 2012 దాకా మగపిల్లాడికి జరిగితే ఐపీసీ సెక్షన్ 377 తప్ప పెద్ద దారి లేదు, పోక్సో వచ్చాకే చట్టం పిల్లలందర్నీ ఒకేలా చూసింది అని కూడా చెప్పాను. నవ్వు ఆగింది. గొంతు వణకలేదు. ఇంటికొచ్చాక మాత్రం చాలాసేపు చేతులు చల్లగా ఉన్నాయి.

నాకు జరిగిందని అక్కడ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు పదేళ్ళప్పుడు నా చేతిలో లేదు. ఇప్పుడు ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

మా ఆవిడకు చెప్పిన రోజు రాయాలి.

2012 మే 13. ఆదివారం పొద్దున. టీవీలో ఆమీర్‌ఖాన్ 'సత్యమేవ జయతే', తెలుగులో. వంటింటి గుమ్మంలో కూర్చుని ఆవిడ ఆవకాయకు కొట్టించిన ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. ఆ వారం పిల్లల మీద లైంగిక వేధింపుల సంగతి. హరీష్ అయ్యర్ అనే ముంబయి కుర్రాడు తన చిన్నప్పుడు సొంత బంధువే ఏళ్ళ తరబడి ఏం చేశాడో దేశమంతటి ముందు చెప్పాడు. ఆ రోజుల్లో శ్రీదేవి సినిమాలు చూసి ధైర్యం తెచ్చుకునేవాణ్ణన్నాడు. శ్రీదేవే వచ్చి అతన్ని దగ్గరకు తీసుకుంది. నాకు ఊపిరాడలేదు. పెరట్లోకి వెళ్ళాను. ఆవిడ చేతులు కూడా కడుక్కోకుండా వెనకే వచ్చింది.

"నాకు కూడా" అన్నాను. ఎవరో చెప్పాను.

ఎందుకు చెప్పలేదని ఆవిడ అడగలేదు. కాసేపు ఆగి, "మన పెళ్ళికొచ్చాడు కదూ" అంది. వచ్చాడు. ముందు వరసలో కూర్చున్నాడు. అక్షింతలు వేశాడు. "నాతో వాడి కాళ్ళకు దణ్ణం పెట్టించారు" అంది. ఆ సాయంత్రం పెళ్ళి ఆల్బం తీసి, ఆ ఫోటో ఊడదీసి, పొయ్యిలో పెట్టింది. నేను చెయ్యలేని పని. నాకోసం ఒక మనిషికి కోపం రావడం అదే మొదటిసారి చూశాను. మేడమ్‌ని అడిగితే, బాగుపడటం ఇలాంటి చోటే మొదలవుతుందన్నారు.

మేడమ్ చూపించిన పుస్తకంలో జూడిత్ హెర్మన్ అనే అమెరికా మానసిక వైద్యురాలు 1992లోనే రాసింది. ముందు భద్రంగా ఉన్నామన్న నమ్మకం కుదరాలి. తర్వాత జరిగింది తలుచుకుని, పోయినదాని కోసం ఏడవాలి. ఆ తర్వాత మళ్ళీ మనుషుల్లో కలవాలి. నాకు మొదటి మెట్టుకే ఇరవై నాలుగేళ్ళు పట్టింది. రెండోది ఇప్పుడు నడుస్తోంది. ఒక మెట్టెక్కాక మళ్ళీ కిందికి జారడం కూడా మామూలేనట.

ఫిబ్రవరి 26, బుధవారం. శివరాత్రి

ప్రభలు కోటప్పకొండకు వెళ్తున్నాయి. మా వాడు స్నేహితులతో పోయాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

వాడు పుట్టినప్పుడు వాడికి నీళ్ళు పొయ్యడానికి నాకు భయం. ఒళ్ళో పెట్టుకోవడానికి భయం. ఇలాంటివి జరిగినవాళ్ళు పెద్దయ్యాక తామూ అలాగే చేస్తారని ఎక్కడో సినిమాలో విన్నాను. నాలో ఆ విషం ఉందేమోనని సొంత బిడ్డకు దూరంగా ఉన్నాను. ఆ మాట తప్పు. దెబ్బ తిన్న పిల్లల్లో చాలా చాలా మంది పెద్దయ్యాక ఎవరికీ హాని చెయ్యరు. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే వాడి పసితనం నాకు దక్కేది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఈ ఒక్క అబద్ధం మూలాన ఎన్ని ఇళ్ళల్లో తండ్రులు పిల్లలకు ఆమడ దూరంలో ఉన్నారో!

ఒంటి సంగతి కూడా రాయాలి. పత్తి లారీ వెనక బండి మీద పోతుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. బీపీ ఉంది, నిద్ర తక్కువ. దీని గురించి ఒకచోట చదివాను. అమెరికాలో శాన్‌డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు లావు తగ్గించే వైద్యశాల నడిపేవాడు. బాగా తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేసి వెళ్ళిపోతుంటే, ఎందుకా అని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగాడు. చాలామంది చిన్నప్పటి అత్యాచారాల గురించి చెప్పారు. లావుగా ఉంటే ఎవరూ కన్నెత్తి చూడరని వాళ్ళ ఒళ్ళు వెతుక్కున్న రక్షణ అది. ఆ తర్వాత రాబర్ట్ ఆండాతో కలిసి 17,000 మందికి పైగా జనాన్ని అడిగి, 1998లో ఫలితాలు వెయ్యడం మొదలుపెట్టాడు. చిన్నతనంలో ఎన్ని రకాల దెబ్బలు పడితే పెద్దయ్యాక గుండెజబ్బు, దిగులు, తాగుడు అంత ఎక్కువ. అది చదివిన రోజు నా బీపీ మాత్ర చేతిలో పెట్టుకుని చూశాను. నా బలహీనత అనుకున్నది బలహీనత కాదు.

అంతమాత్రాన తలరాత అనుకోనక్కర్లేదు. హవాయి దీవుల్లో కవాయ్ అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ దశాబ్దాల తరబడి గమనించింది. బాగా కష్టాల్లో పెరిగిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కగా స్థిరపడ్డారు. వాళ్ళకు నిలకడగా పట్టించుకున్న పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారు. అమ్మానాన్నలే కానక్కర్లేదు. నాయనమ్మో, మాస్టరో, పక్కింటివాళ్ళో.

నాకు ఎదురింటి మామ్మ.

ఇది ఎవరికీ చెప్పలేదు, మేడమ్‌కి కూడా మొన్ననే చెప్పాను. ఆ ఎండాకాలం సగంలో ఎదురింటి మామ్మ ఒక మధ్యాహ్నం చింతపండు బుట్ట పట్టుకుని మా ఇంటికొచ్చి, పత్తి గది గడప మీద కూర్చుంది. పీటకత్తి కాలి కింద పెట్టుకుని, చింతకాయ చీల్చి పిక్క తీసి, పిక్కలు ఒక వైపు, పండు ఒక వైపు. మా ఇంట్లో చల్లగా ఉందంది. మర్నాడూ వచ్చింది. ఆ పెద్దమనిషి వచ్చి, "ముసల్దానా, అడ్డం లేచి అవతల కూర్చో" అంటే, "నాకిక్కడ గాలొస్తంది నాయనా" అని లేవలేదు. నన్ను పిలిచి పిక్కలు లెక్కపెట్టమనేది. చింతపండు అయిపోయాక విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చుంది. బడి తెరిచేదాకా. ఆ పని ఆగిపోయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అడగలేదు. ఆవిడకు అతని దగ్గర బాకీ లేదు.

మార్చి 1, శనివారం

శివరాత్రి నాడు రాసిందే ఆలోచిస్తుంటే 2018 మే నెల గుర్తొచ్చింది. దాచేపల్లిలో తొమ్మిదేళ్ళ పాప మీద అత్యాచారం. ఊరు ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. నిందితుడు చెట్టుకు ఉరేసుకుని దొరికాడు. శని వదిలిందన్నారు జనం. మా తోటి మాస్టర్లదీ అదే మాట. ఆ రోజు నేను ఏ పనీ చెయ్యలేకపోయాను. వాడు చచ్చాడు సరే, ఆ పాపకు పది, పదకొండు, పన్నెండేళ్ళు వస్తాయి కదా, వాటి సంగతి?

మరుసటి ఏడు పోక్సోలో మరణశిక్ష చేర్చారు. మన అసెంబ్లీ కూడా అత్యాచారానికి ఉరి అంటూ దిశ బిల్లు చేసింది. కోపం నాకు అర్థమవుతుంది. నా మనసులో కూడా ఆ మనిషిని ఎన్నోసార్లు చంపాను. కానీ చేసినవాడు సొంత బాబాయో, మావయ్యో అయినప్పుడు, ఉరి పడుతుందంటే ఆ ఇల్లు ఇంకా గట్టిగా నోరు మూసుకుంటుంది. పిల్లాడి నెత్తిన ఇంకో ప్రాణం బరువు పెడతారు. హైదరాబాదులో 2016లో పోలీసులు భరోసా కేంద్రం పెట్టారు. ఫిర్యాదు, వైద్య పరీక్ష, కౌన్సెలింగు, లాయరు అన్నీ ఒకే కప్పు కింద, పిల్లలు పదిచోట్ల పదిసార్లు చెప్పుకోనక్కర్లేకుండా. నాకు కావలసింది అలాంటివి ప్రతి మండలానికీ. మా ప్రత్తిపాడు నుంచి పాపనో బాబునో తీసుకుని కూలిపని మానుకుని గుంటూరుకు ఎన్నిసార్లు తిరగ్గలరు ఎవరైనా? బస్సు చార్జీలు, పోయిన కూలి... మళ్ళీ అక్కడికే వస్తున్నాను. వినడానికి అయ్యే ఖర్చు ఊరు భరించాలి, సర్కారు భరించాలి. ఒక్క ఇంటి మీద వదిలేస్తే ఆ ఇల్లు చెవులు మూసుకుంటుంది.

తెనాలిలో పెరిగిన చలం 'బిడ్డల శిక్షణ'లో పెద్దల పెత్తనాన్నే తప్పుబట్టాడు. పెద్దవాళ్ళ మాట వినాలి, ఎదురు చెప్పకూడదు అని మనం నూరిపోసిన పిల్లలే ఇలాంటి పెద్దవాళ్ళకు దొరికిపోతారు. మా వాడికి నేను ఒకటే నేర్పాను: ఎవరి మాటకైనా, నా మాటకైనా, పోనని చెప్పొచ్చు.

మార్చి 9, ఆదివారం

కల్లంలో తాలుకాయ ఏరిస్తున్నాం. అమ్మ కూడా వచ్చింది. వద్దన్నా వినదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఎర్రటి కాయ ఒక కుప్ప, తెల్లబోయిన కాయ ఒక కుప్ప వేస్తూ కూర్చుంది. కూలోళ్ళు అన్నాలకు పోయారు. ఘాటుకు ఇద్దరికీ కళ్ళు కారుతున్నాయి.

"ఎదురింటి మామ్మ పత్తి గది గడప మీద ఎందుకు కూర్చునేదమ్మా?" అని అడిగాను.

అమ్మ చెయ్యి ఆగలేదు. చాలాసేపు కాయలు ఏరింది. తర్వాత, తల ఎత్తకుండానే, "నేనే కూర్చోమన్నా" అంది.

"పోనని గడప పట్టుకుని ఏడ్చేవాడివి. నేనే వేళ్ళు విడదీసి పంపించా. ఓ రోజు నీ నిక్కరు ఉతుకుతుంటే నాకు అనుమానమొచ్చింది. అనుమానం కాదులే. మీ నాన్నకు చెప్తే వాణ్ణన్నా నరుకుతాడు, మందన్నా తాగుతాడు. మామ్మ కాళ్ళు పట్టుకున్నా. ఎందుకని ఆవిడ అడగలా."

నేను లేచి చేను గట్టు మీదకు వెళ్ళిపోయాను. కోపం వచ్చింది. ఇంత కోపం ఆ పెద్దమనిషి మీద కూడా ఎప్పుడూ రాలేదు. ముప్ఫై ఏడేళ్ళు ఎవరికీ తెలియదనుకుంటూ బతికాను. ఆవిడకు తెలుసు. తెలిసి, నాకు పెళ్ళి చేసి, వాణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టింది. నన్ను దగ్గరకు తీసుకుని నీ తప్పేం లేదురా అని ఒక్కసారి, ఒక్కసారి అని ఉంటే!

ఆవిడ చేసిన పనే నన్ను కాపాడింది. అదీ నిజమే. చేతిలో పైసా లేని ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, మొగుడు చావకుండా, బిడ్డ నలగకుండా చూసుకోవాలని వెతుక్కున్న దారి ఒక ముసలామె, ఒక చింతపండు బుట్ట. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడటం ఇవాళ నా వల్ల కావడం లేదు. క్షమించానని రాయను. క్షమిస్తే తప్ప బాగుపడరని ఎవరెవరో అంటారు. అదేం షరతు కాదని మేడమ్ మొదట్లోనే చెప్పారు.

మార్చి 30, ఆదివారం. ఉగాది

మూడు వారాలు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. పదో తరగతి పరీక్షల డ్యూటీ అని తప్పించుకున్నాను. ఆవిడా పలకరించలేదు. మా ఆవిడే అన్నం ఇటూ అటూ మోసింది.

ఇవాళ పచ్చడి గిన్నె నా చేతికిస్తూ, "నువ్వు గుంటూరెళ్ళేది ఆ డాక్టరమ్మ దగ్గరికేనా?" అంది అమ్మ. అవునన్నాను. "ఏం అడుగుద్ది?" అంది. నిద్ర పడుతోందా, ఏం గుర్తొస్తోంది, అప్పుడు ఒంట్లో ఎలా ఉంటోంది, అలాంటివి అన్నాను. కాసేపు నిలబడి, "నాక్కూడా నిద్ర పట్టదు. నాతో మాట్లాడుద్దేమో అడుగు. బస్సులో కూర్చోగలను" అంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. ముందు అమ్మతో విడిగా, తర్వాత ఇద్దరికీ ఇష్టమైతే కలిపి అన్నారు. కలిపి ఇప్పుడే వద్దన్నాను. సరే, మీరు చెప్పినప్పుడే అన్నారు. గురువారం పదకొండింటికి అమ్మకు, పన్నెండింటికి నాకు రాయించాను. హెడ్మాస్టరు గారికి ఒక పూట సెలవు అర్జీ పెట్టాలి. కల్లంలో మిరప టిక్కీ బస్తాలకు కుట్టు వేయించే పని మా ఆవిడ చూసుకుంటానంది.